ఆ చుక్క ఎవరిది?

2009 జనవరిలో ఢిల్లీలోని ఒక గ్యాలరీ సయ్యద్ హైదర్ రజా తొలినాటి చిత్రాలతో ప్రదర్శన పెట్టింది. ప్రారంభించడానికి రజానే పిలిచారు. అప్పటికి ఆయనకు 86 ఏళ్లు. గోడల వెంబడి నడుస్తూ ఒక్కొక్కటీ చూస్తుంటే ఆయనకు అర్థమైంది, వాటిలో చాలా వరకు తాను వేసినవి కావని. సంతకం తనదిలాగే ఉంది. రంగులు, గీతలు తన పాత పద్ధతినే పోలి ఉన్నాయి. అయినా ఇవి నావి కావని ఆయన తేల్చి చెప్పేశారు. ప్రదర్శన మూతపడింది.

పత్రికలు నకిలీల గురించి, కళా వ్యాపారంలో జరిగే మోసాల గురించి రాశాయి. రాయవలసిన సంగతులే. కానీ ఆ సంఘటన అడుగున ఇంకో ప్రశ్న ఉంది. గీత, రంగు, సంతకం, ఇలా చేతికి సంబంధించినవన్నీ మరొకరు పట్టేయగలిగినప్పుడు, ఇది ఫలానా చిత్రకారుడిది అనడానికి ఇంకేం మిగులుతుంది? అసలు బొమ్మ ఎక్కడి నుంచి పుడుతుంది? కన్ను చూసిన దాని నుంచా, గురువు నేర్పిన దాని నుంచా, దేవుడి దయ వల్లనా? పుట్టిన మతానికీ దానికీ ఏమైనా లంకె ఉందా?

ఈ ప్రశ్నలకు రజా జీవితం అరుదైన ఆధారం. చాలామంది కళాకారులు ప్రేరణ ఎక్కడిదని అడిగితే మాట దాటేస్తారు. రజా మాత్రం ఒక ఊరి పేరు, ఒక బడి పేరు, ఒక మాస్టారి పేరు చెప్పారు. ఆ మాస్టారు గోడ మీద పెట్టిన చుక్కను చూపించారు.

మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లాలో బాబరియా అనే అడవి పల్లెలో 1922 ఫిబ్రవరి 22న ఆయన పుట్టారు. తండ్రి అటవీ శాఖలో డిప్యూటీ రేంజరు. చుట్టూ సాత్పురా అడవులు, ఆ జిల్లా గుండా పారే నర్మద. పగలు ఎంత అందంగా ఉండేదో రాత్రి అంత భయపెట్టేది ఆ అడవి. గోండుల ఆటపాటలు వినిపించినప్పుడే మనుషులు దగ్గర్లో ఉన్నారన్న ధైర్యం కలిగేదని, తెల్లవారి సంత రోజు రంగులూ సందడీ చూశాక ప్రాణం కుదుటపడేదని రజా పెద్దయ్యాక చెప్పుకున్నారు. ఆయన కాన్వాసుల్లో నలుపు ఎందుకంత బరువుగా ఉంటుంది, దాని పక్కనే ఎరుపూ పసుపూ ఎందుకంత ఉత్సవంగా వెలుగుతాయి అని అడిగేవారికి ఈ ఒక్క జ్ఞాపకం సగం జవాబు చెబుతుంది.

మిగతా సగం కకైయా ప్రాథమిక పాఠశాలలో ఉంది. పిల్లవాడికి చదువు మీద ధ్యాస లేదు. మనసు ఎప్పుడూ బయట చెట్ల మీద, పిట్టల మీద. హెడ్‌మాస్టరు నంద్‌లాల్ ఝారియా ఒకరోజు బడి అయ్యాక వాణ్ణి ఆపి, తెల్లగోడ మీద ఒక చుక్క పెట్టి, దాని ఎదురుగా కూర్చోబెట్టారు. మిగతాదంతా మరిచిపోయి దీన్నే చూస్తూ ఉండమన్నారు. అంతే. మంత్రం చెప్పలేదు, దేవుడి పేరు ఎత్తలేదు. చంచలమైన ఒక కుర్రవాడి మనసును కాసేపు ఒకచోట నిలపాలని ఒక పల్లె పంతులు తనకు తెలిసిన ఉపాయం వాడారు. పంతులు హిందువు, పిల్లవాడు ముస్లిం. ఆ సాయంత్రం ఆ ఇద్దరిలో ఎవరికీ ఆ సంగతి పట్టినట్టు లేదు.

ఆ చుక్క నుంచి వెంటనే ఏదో వికసించిందని అనుకుంటే పొరపాటే. దాదాపు యాభై ఏళ్ల పాటు దాని నుంచి వచ్చిందని ఆయన పోల్చుకోగలిగినదేమీ రాలేదు.

రజా 1939 నుంచి 1943 వరకు నాగపూర్‌లో చిత్రకళ చదివారు. తరవాత బొంబాయి చేరి, ఎక్స్‌ప్రెస్ బ్లాక్ స్టూడియోలో డిజైనర్‌గా పనిచేస్తూ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువు కొనసాగించారు. వానలో తడిసిన బొంబాయి వీధులను నీటిరంగుల్లో వేసి పేరు తెచ్చుకున్నారు. 1947లో ఎఫ్.ఎన్. సౌజా, ఎం.ఎఫ్. హుస్సేన్, కె.హెచ్. ఆరా, హెచ్.ఎ. గాడే, ఎస్.కె. బాక్రేలతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టారు. ఆ ఏడాదే తల్లి పోయారు, మరుసటి ఏడాది తండ్రి పోయారు. దేశ విభజనతో తోబుట్టువులు పాకిస్థాన్ వెళ్లిపోయారు. రజా వెళ్లలేదు. చిన్నప్పుడు మండ్లాలో గాంధీని చూశాననీ, ఆయన పుట్టిన దేశాన్ని వదిలి పోవడం ద్రోహమనిపించిందనీ తరవాతి కాలంలో చెప్పేవారు.

1948లో కశ్మీర్‌లో ఆయనకు ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే-బ్రెసాఁ తారసపడ్డారు. ఆయన రజా చిత్రాలు చూసి మొహమాటం లేకుండా ఒక మాట అన్నారు: నీకు ప్రతిభ ఉంది కానీ నీ బొమ్మల్లో కట్టుబడి లేదు, పునాది, గోడలు, దూలాలు, కప్పు ఉన్న ఇంటిని కట్టినట్టు చిత్రాన్ని కట్టాలి, సెజాన్‌ను చదువు. ఆ మాట రజాను కదిలించింది. బొంబాయికి తిరిగి వచ్చి ఫ్రెంచి నేర్చుకున్నారు. ఫ్రాన్స్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ సంపాదించి 1950లో పారిస్ చేరారు.

ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ బొమ్మల నుంచి ఆయన నేర్చుకున్నది ఏకాగ్రతకు సంబంధించిన పాఠమే. సెజాన్ ఒకే కొండను, సాఁత్-విక్త్వార్‌ను, మళ్లీ మళ్లీ చిత్రించినవాడు. యాపిల్ పండును తినే వస్తువుగా చూడటం మానేసి, ఆకారంగా, బరువుగా, రంగుల ఒరిపిడిగా చూసేంత వరకు చూపు మరల్చనివాడు. కకైయా బడిలో పంతులు చెప్పింది ఫ్రాన్స్‌లో మళ్లీ వినబడింది. విన్నవాడికి అప్పట్లో ఆ పోలిక తట్టి ఉండకపోవచ్చు.

1956లో ఆయనకు ఫ్రెంచి విమర్శకులిచ్చే ప్రి ద లా క్రితీక్ దక్కింది. ఫ్రెంచివాడు కాని చిత్రకారుడికి ఆ బహుమతి రావడం అదే మొదలు. 1959లో తోటి చిత్రకారిణి జానీన్ మోంజియాను పెళ్లి చేసుకున్నారు. 1962లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో పాఠాలు చెప్పడానికి వెళ్లి మార్క్ రోత్కో చిత్రాలు చూశారు. ఇల్లూ చెట్టూ మనిషీ ఏదీ లేకుండా, రంగు ఒక్కటే నిలబడి మనసును కదిలించగలదని అక్కడ ఆయనకు రుజువైంది. తైలవర్ణాలు వదిలి యాక్రిలిక్‌కు మారారు, చేయి వదులైంది, కుంచె వేగం పుంజుకుంది.

ఇక ఏం కావాలి? పారిస్‌లో పేరుంది, కొనేవాళ్లున్నారు, దక్షిణాన గోర్బియో అనే కొండ ఊళ్లో వేసవి ఇల్లుంది. సరిగ్గా ఆ దశలోనే, 1970లలో, రజాకు తన పని మీద అసంతృప్తి మొదలైంది. పారిస్ శైలిలో బాగా వేసే చిత్రకారులు పారిస్ నిండా ఉన్నారు. వాళ్లలో తానొకడు. తనకే చెందినది ఏది అన్న ప్రశ్న పట్టుకుంది. ఇంత దూరం వచ్చినవాడు ఇలాంటి ప్రశ్నను నలుగురి ముందూ ఒప్పుకోవడానికి గుండె కావాలి. ఆయన తరచుగా భారతదేశం రావడం మొదలుపెట్టారు. అజంతా, ఎల్లోరా, కాశీ, గుజరాత్, రాజస్థాన్ తిరిగారు. రాజపుత్ర, జైన సూక్ష్మచిత్రాల్లో అంచులు, గదుల విభజన, ఎర్రని నేల మీద నిలిచే పసుపు, ఇవన్నీ జాగ్రత్తగా చూశారు. మండ్లా వెళ్లి నర్మద ఒడ్డున నిలబడ్డారు.

‘లా తెర్’ అని ఫ్రెంచి పేరుతో ఆ దశాబ్దంలో వేసిన భూమి చిత్రాల్లో అడవి రాత్రి తిరిగి వచ్చింది. గాఢమైన నలుపు, దాని లోపలి నుంచి నిప్పురవ్వల్లా పైకి లేచే రంగు. 1981 నాటి ‘మా’లో నల్లని బిందువు ఉంది, అమ్మను సంబోధిస్తూ మిత్రుడు అశోక్ వాజ్‌పేయి రాసిన హిందీ కవితా పంక్తి ఉంది. 1983లో ‘సౌరాష్ట్ర’ వచ్చింది. అప్పటి నుంచి బిందువు, త్రిభుజం, పంచభూతాలు, బీజం, అంకురం, సూర్యుడు, నాగుడు ఆయన కాన్వాసును ఖాళీ చేయలేదు. దేవనాగరి అక్షరాల్లో పదాలు బొమ్మలో భాగమయ్యాయి.

ఇక్కడ నిలదీసే పాఠకుడు ఒక అభ్యంతరం లేవదీయవచ్చు. చుక్క కథ రజా చెప్పుకున్నది కాబట్టి మనకు తెలుసు. అరవై ఏళ్లకు దగ్గరపడిన మనిషి, బిందువు గీయడం మొదలుపెట్టాక, వెనక్కి తిరిగి తన బాల్యంలోంచి దానికి తగిన సంఘటనను ఏరుకున్నాడేమో. బడిలో అంతకు ముందూ తరవాతా ఎన్ని జరగలేదు? ఈ చుక్కే ఎందుకు మూలమైంది?

ఈ అభ్యంతరంలో నిజం ఉంది, కానీ అది రజా మాటను కొట్టివేయదు. మూలం ముందే పూర్తిగా తయారై మనిషి లోపల కూర్చుని ఉంటుందని, దాని నుంచి పని ధారగా వస్తుందని మనం అనుకుంటాం. రజా విషయంలో పని ముందుకు సాగిన కొద్దీ మూలం కూడా ఏర్పడుతూ వచ్చింది. 1950ల తొలినాళ్లలో ఫ్రాన్స్ ఊళ్లను వేసినప్పుడే ఆయన ఆకాశంలో నల్ల సూర్యుడు కనిపిస్తాడు. అప్పుడు దాన్ని ఆయన బిందువు అనలేదు. ముప్పై ఏళ్ల తరవాత పేరు పెట్టగలిగారు. తెలియకుండా చేతిలో ఉన్నదాన్ని తెలిసి పట్టుకోవడానికి ఆ ముప్పై ఏళ్లు, సెజాన్, రోత్కో, రాజపుత్ర చిత్రాలు అన్నీ అవసరమయ్యాయి. ఊళ్లోనే ఉండిపోయి ఉంటే ఆ చుక్క ఒక శిక్షగానే గుర్తుండి పోయేదేమో!

ఇతరుల సంగతి చూస్తే రజా దారి ఎంత వేరో తెలుస్తుంది. స్వీడన్ చిత్రకారిణి హిల్మా ఆఫ్ క్లింట్ 1906 నుంచి 1915 వరకు ‘దేవాలయం కోసం’ అంటూ 193 చిత్రాలు వేశారు. వాటిని వేయమని తనను ఆత్మలు ఆదేశించాయని ఆమె నమ్మకం. తన మరణం తరవాత 20 ఏళ్ల దాకా ఎవరికీ చూపవద్దని కోరారు. ఆమెకు మూలం బయట ఉంది, తాను మాధ్యమం. అదే కాలంలో చిత్రకారుడు మోండ్రియాన్ దివ్యజ్ఞాన సమాజంలో చేరాడు, మరో చిత్రకారుడు కాండిన్‌స్కీ కళలో ఆధ్యాత్మికత గురించి పుస్తకం రాశాడు. ఆధునిక నైరూప్య చిత్రకళ పుట్టిల్లు చాలావరకు మతపరమైన అన్వేషణే. రజా పారిస్‌లో నేర్చుకున్న భాషకు ఆ చరిత్ర ముందే ఉంది.

మన దేశంలో శ్రీనగర్‌లో పుట్టిన గులాం రసూల్ సంతోష్ ఉన్నారు. ఆయన పుట్టుకతో ముస్లిం. సంతోష్ అనే హిందూ యువతిని పెళ్లాడి ఆమె పేరును తన పేరులో కలుపుకున్నారు. 1964లో అమరనాథ్ గుహకు వెళ్లిన అనుభవం ఆయన్ను తలకిందులు చేసింది. కశ్మీర శైవం, తంత్రం చదివి, శివశక్తులను మానవాకృతినీ జ్యామితినీ కలిపిన రూపాల్లో చిత్రించడం మొదలుపెట్టారు. కరీంనగర్ జిల్లాలో 1915లో పుట్టి, జె.జె.లో చదివి, హైదరాబాద్‌లో స్థిరపడిన పాకాల తిరుమల రెడ్డి కూడా శ్రీచక్ర జ్యామితిని తన చిత్రాల్లోకి తీసుకున్నారు. 1966లో అజిత్ ముఖర్జీ తాంత్రిక కళ మీద పుస్తకం వేశాక దేశంలో ఆ గాలి బలంగా వీచింది. సంతోష్‌కు మూలం ఒక్క దర్శనం. తిరుమల రెడ్డి తరానికి దారి చూపినవి చాలావరకు శాస్త్రం, సంప్రదాయం. రజాకు ఇవేవీ కావు. ఒక పిల్లవాణ్ణి కదలకుండా కూర్చోబెట్టి చూడమన్న అభ్యాసం ఆయన మూలం. తంత్ర పదజాలం ఆయన చిత్రాల్లోకి చాలా తరవాత వచ్చింది.

అభ్యాసమనగానే మన ఆలంకారికులు గుర్తుకొస్తారు. పదో శతాబ్దపు రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో ఈ వివాదాన్నే నమోదు చేశాడు. కావ్యానికి కారణం సమాధి, అంటే మనసు ఒకచోట కుదురుకోవడం అని శ్యామదేవుడు అన్నాడట. కాదు, అభ్యాసమని మంగళుడు అన్నాడట. రాజశేఖరుడు ఇద్దరినీ కలుపుతాడు: సమాధి లోపలి ప్రయత్నం, అభ్యాసం బయటి ప్రయత్నం, రెండూ కలిసి మనిషిలోని శక్తిని వెలిగిస్తాయి. తరవాతి శతాబ్దంలో మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కలిస్తేనే ఒక్క కారణం అవుతుందని, విడివిడిగా కాదని తేల్చాడు. వాళ్లెవరూ ప్రేరణను ఆకాశం నుంచి పడే మెరుపుగా చెప్పలేదు. పుట్టుకతో వచ్చేది కొంత ఉందని ఒప్పుకుంటూనే, అది వెలగాలంటే మనిషి చేయవలసిన పని ఉందన్నారు.

చిత్రకళ విషయంలో ఇంకా సూటిగా చెప్పినవాడు కాళిదాసు. ‘మాళవికాగ్నిమిత్రం’లో రాజు మాళవిక చిత్తరువును ముందు చూసి, అంత అందం నిజంగా ఉంటుందా అని శంకిస్తాడు. ఆమెను కళ్లారా చూశాక అభిప్రాయం మారుతుంది. ఆ చిత్తరువు వేసినవాడికి సమాధి సడలిందని అప్పుడతనికి అర్థమవుతుంది. చేయి వణికిందని అనడు, రంగులు చాలలేదని అనడు. బొమ్మలో లోపానికి చూపులోని సడలింపే కారణమంటాడు. గుడి విగ్రహం చెక్కే శిల్పి ముందు ధ్యానశ్లోకంలోని రూపాన్ని మనసులో నిలుపుకోవాలని శాస్త్రాలు కోరింది కూడా ఇదే నమ్మకంతో. ఉలి తరవాత, చూపు ముందు.

రజాను ఈ వెలుగులో చూస్తే, ఆయన చిత్రాలు మతచిత్రాలా కాదా అన్న పాత చర్చ కొంచెం తేటపడుతుంది. శ్రీచక్రంలో నాలుగు త్రికోణాలు పైకి, అయిదు కిందికి చూస్తూ ఒకదానిలో ఒకటి చొచ్చుకుంటాయి. నడుమ బిందువు అమ్మవారి స్థానం. లలితా సహస్రనామం చదివే తెలుగు ఇళ్లలో ఇది కొత్త సంగతి కాదు. అక్కడ బిందువు పూజకు నిలయం. రజా బిందువుకు ఎవరూ కుంకుమ పెట్టరు, ఆయనా పెట్టలేదు. ఆయన తాంత్రిక దీక్ష తీసుకున్నవాడు కాదు, మతం మారలేదు. గుడికీ చర్చికీ మసీదుకూ కూడా వెళ్లేవారని దగ్గరివాళ్లు రాశారు. ఆయన కాన్వాసు ముందు కూర్చోవడం మాత్రం ఉపాసకుడు కూర్చున్నట్టే ఉండేది. విశ్వాసం ఫలానా దేవుడి మీద అని చెప్పలేకపోయినా భక్తి ఉండగలదా? ఉండగలదని ఆ చిత్రాలు నమ్మిస్తాయి. చూస్తున్న వస్తువు ముందు అహంకారం తగ్గేంతగా చూడగలిగితే, ఆ చూపులోనే ప్రార్థన ఉంది. దేవుడి పేరు తరవాత చేరవచ్చు, చేరకపోనూవచ్చు.

అయితే ఈ మాట అనగానే ఒక ఇబ్బందిని ఎదుర్కోవాలి. రజా దాదాపు ముప్పై అయిదేళ్లు బిందువునే వేశారు. ఎందుకింత పునరావృతి అని అడిగితే జపంతో పోల్చేవారు. మాల తిప్పుతూ అదే నామం అనుకునేవాడికి ప్రతి పూసా కొత్తదే కదా అని ఆయన భావం. అందమైన జవాబు. అన్ని చిత్రాలకూ వర్తించే జవాబు మాత్రం కాదు. 1980లలో వచ్చిన గొప్ప బిందువుల్లో నలుపు ఒక్క నలుపు కాదు. అంచుల దగ్గర అది గోధుమలోకి, నీలంలోకి కరుగుతుంది, కుంచె తడబాటు కనిపిస్తుంది, వృత్తం చుట్టూ గాలి కదులుతున్నట్టుంటుంది. 1989 నాటి ‘జెస్టేషన్’లో గర్భంలోపలి ఒత్తిడి రంగుల్లో తెలుస్తుంది. చివరి రెండు దశాబ్దాల్లో వచ్చిన కొన్నిటిలో వృత్తం శుభ్రంగా ఉంది, రంగు సమంగా పరుచుకుంది, అంచు గట్టిగా ఉంది, కానీ ఆ ఒత్తిడి లేదు. వాటిని చూస్తుంటే కాళిదాసు నాటకంలోని రాజు మాట గుర్తొస్తుంది.

ఇది రజాను తక్కువ చేయడం కాదు. జపం చేసే సంప్రదాయాలకు ఈ ప్రమాదం బాగా తెలుసు. నాలుక నామం పలుకుతుంటే మనసు సంతలో తిరుగుతుందని మన వేమన నుంచి కబీరు దాకా అందరూ హెచ్చరించారు. ఒకప్పుడు నిజంగా నిలిచిన చూపు రేపు కూడా నిలుస్తుందని హామీ లేదు. 80 ఏళ్లు దాటిన చిత్రకారుడికి కూడా ప్రతి ఉదయం ఆ పిల్లవాడి పని మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. కొన్ని ఉదయాలు అది కుదిరింది. కొన్ని ఉదయాలు కుదరలేదు. 90 దాటాక గాంధీని తలచుకుంటూ వేసిన చిత్రాల్లో, దేవనాగరి మాటలు రంగుల నడుమ నిలిచిన చోట, అది మళ్లీ కుదిరిందని ఈ వ్యాసకర్త నమ్మకం.

బజారుకు ఈ తేడా పట్టదు. ‘సౌరాష్ట్ర’ 2010లో లండన్‌లో 16 కోట్ల రూపాయలకు పైగా పలికింది. 2023లో ‘జెస్టేషన్’ ముంబయి వేలంలో 51.75 కోట్లకు పోయింది. ఆ ఏడాదే పారిస్ పాంపిడూ సెంటర్‌లో ఆయన చిత్రాల పెద్ద ప్రదర్శన జరిగింది. ధర పెరిగిన కొద్దీ నకిలీలు పుట్టడం మామూలే. నకిలీ చేసేవాడికి చేయి తిరిగి ఉంటుంది, ఓపిక కూడా ఉంటుంది. అతని చూపు మాత్రం రజా చిత్రం మీద ఉంటుంది. రజా చూపు అడవి మీద, రాత్రి మీద, గోడ మీద ఉండేది. 86 ఏళ్ల మనిషి ఆ గ్యాలరీ గోడల మీద పసిగట్టింది బహుశా ఆ తేడానే.

ఇక చెప్పుకోవలసిన కష్టమైన సంగతి ఇంకొకటి ఉంది. రజా అరవై ఏళ్ల ఫ్రాన్స్ జీవితం ముగించి 2010 చివర్లో ఢిల్లీ వచ్చేశారు. అదే ఏడాది మొదట్లో ఆయన పాత మిత్రుడు, ప్రోగ్రెసివ్ గ్రూప్ సహచరుడు హుస్సేన్ భారత పౌరసత్వం వదులుకుని ఖతార్ పౌరుడయ్యారు. ఇద్దరూ ముస్లిం ఇళ్లలో పుట్టినవాళ్లు. ఇద్దరూ హిందూ సంప్రదాయం నుంచి ధారాళంగా తీసుకున్నవాళ్లు. ఒకరిని దేశం పద్మవిభూషణ్‌తో గౌరవించి దగ్గరకు తీసుకుంది. అదే పద్మవిభూషణ్ 1991లోనే అందుకున్న రెండోవారు, ఎప్పుడో 1970లలో గీసిన సరస్వతి రేఖాచిత్రం 1996లో వివాదమయ్యాక కేసుల మీద కేసులు ఎదుర్కొన్నారు. 1998లో ముంబయిలో ఆయన ఇంటి మీద దాడి జరిగింది. 2006లో ఆయన దేశం విడిచారు. 2008లో ఢిల్లీ హైకోర్టు ఆయన మీద కేసులు కొట్టేసినా తిరిగి రాలేదు. 2011 జూన్‌లో లండన్‌లో కన్నుమూశారు.

ఎందుకీ తేడా? బిందువుకు ఒళ్లు లేదు, వస్త్రం లేదు, ముఖం లేదు, కాబట్టి దాన్ని చూసి నొచ్చుకునే అవకాశం ఎవరికీ లేదు. నిరాకారం రజాకు కవచమైంది. కానీ దీన్ని సహనానికి గుర్తుగా చెప్పుకోవడం తప్పు. సాకారంగా వేసినప్పుడు కూడా అదే ఆదరణ దక్కితేనే అది సహనం. ఒక సంప్రదాయం నుంచి ప్రేరణ పొందే హక్కు పుట్టుకను బట్టి వస్తుందా, చూపును బట్టి వస్తుందా అని అడిగితే, రజా విషయంలో చూపు అని సులువుగా ఒప్పుకునేవాళ్లు హుస్సేన్ దగ్గరికి వచ్చేసరికి తడబడతారు. ఆయన గీసిన ఫలానా బొమ్మ నచ్చలేదనే హక్కు అందరికీ ఉంది. ఆ బొమ్మ గీసే అర్హతే ఆయనకు లేదనడం వేరు.

ఆ అర్హతకు హుస్సేన్ ఎంత శ్రమ పడ్డారో హైదరాబాద్‌కు తెలుసు. సంపన్నుల డ్రాయింగు రూములు వదిలి జనంలోకి వెళ్లు, రామాయణం వెయ్యి అని సోషలిస్టు నాయకుడు రామ్ మనోహర్ లోహియా ఆయనకు చెప్పిన మాటను లోహియా అనుచరుడు బద్రీ విశాల్ పిత్తి అండగా నిలిచి హైదరాబాద్‌లో సాగనిచ్చారు. హుస్సేన్ వాల్మీకినీ తులసీదాసునూ రెండింటినీ చదివారు. సందేహాలు తీర్చుకోవడానికి కాశీ పండితులతో కూర్చుని చర్చించారు. ఎనిమిదేళ్లలో సుమారు 150 కాన్వాసులు వేశానని ఆయనే చెప్పారు. వాటిని ఎడ్లబళ్ల మీద హైదరాబాద్ దగ్గరి పల్లెకు తీసుకెళ్లి జనానికి చూపించారు. అక్కడ రాముణ్ణీ సీతనూ హనుమంతుణ్ణీ చూడటానికి చేరిన వాళ్లు ఒక్క ప్రశ్న కూడా వేయలేదని హుస్సేన్ తరవాత గుర్తు చేసుకున్నారు.